శివపార్వతి చేసిన కరెంటు పెట్టె

నేను తిరువూరుకు కాపరానికి వచ్చింది అరవై తొమ్మిదిలో. మా ఆయన బసవపున్నయ్యకు బస్టాండు నుంచి బజారుకు వెళ్ళే రోడ్డు మీద రేడియో రిపేరు షాపు ఉండేది. షాపంటే వేరే ఏమీ కాదు, మా ఇంటి ముందుగదే. గది మధ్యలో ఒక పూల తెర కట్టి ఉండేది. తెరకు ఇవతల మా ఆయన బల్ల, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి బెంచీ. తెరకు అవతల ఇంకో బల్ల, దాని ముందు ఎత్తు కుర్చీలో మా ఆడపడుచు శివపార్వతి.

పార్వతికి మూడో ఏట జ్వరం వచ్చి వారంలో తగ్గిందట. తగ్గాక చూస్తే రెండు కాళ్ళూ చచ్చుబడి ఉన్నాయి. ఇంట్లో తిరగడానికి మా ఆయన ఒక చెక్కకు నాలుగు చక్రాలు బిగించి ఇచ్చాడు. దానిమీద కూర్చుని రెండు చేతులతో నేలను తోసుకుంటూ వంటింట్లోకీ పెరట్లోకీ వెళ్ళేది. వీధిలోకి మాత్రం వెళ్ళేది కాదు. బడికి పంపలేదు. అక్షరాలు అన్నే నేర్పాడు.

మా ఆయన బెజవాడలో ఏడాదిపాటు రేడియో పని నేర్చుకుని వచ్చాడు. చేయి మంచిదే, ఓపికే లేదు. లోపలి గదిలో కూర్చుని వింటూ వింటూ పార్వతికి రేడియో గొంతు తెలిసిపోయింది. ఒకసారి ఆయన మూడు రోజులు కుస్తీ పడుతున్న సెట్టు గురించి లోపలి నుంచే, అన్నయ్యా, పాడైంది స్పీకరు కాదు, గొంతు తగ్గిన ప్రతిసారీ ఏదో చిటుక్కుమంటోంది, అతుకు ఊడిందేమో చూడు అని చెప్పిందట. విప్పి చూస్తే అతుకే ఊడింది. మర్నాడు ఆయన తెరకు అవతల ఇంకో బల్ల వేశాడు. నేను వచ్చేనాటికి కష్టమైన సెట్లన్నీ ఆ బల్ల మీదికే వెళ్ళేవి. బాగుచేసింది ఎవరో ఊళ్ళో సగం మందికి తెలియదు.

డెబ్బై నాలుగు మార్చిలో, ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో, పెనుగొలను నుంచి శౌరయ్య మాస్టారు వచ్చారు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో పంతులు. తెల్ల చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. చేతి సంచిలోంచి ఒక ట్రాన్సిస్టరు, కొత్త బ్యాటరీ ఎలిమినేటరు బల్ల మీద పెట్టారు. ఎలిమినేటరంటే, ట్రాన్సిస్టరులో బ్యాటరీలు లేకుండా ఇంటి కరెంటుతో పాడించే చిన్న పెట్టె. బెజవాడలో కొన్నారట. దూరం తీసుకెళ్ళాలి, సరిగ్గా పనిచేస్తుందో లేదో ఒకసారి చూడండి అన్నారు.

గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. మా ఆయన బెంచీ చూపించి కూర్చోమన్నాక కూర్చున్నారు. మంచినీళ్ళు కావాలన్నారు. మా అత్తగారు పిచ్చమ్మగారు లోపల గూట్లో విడిగా పెట్టి ఉంచిన గ్లాసు తీయించారు. తెచ్చి ఇచ్చింది నేనే. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. కానీ అలాగే జరిగింది.

మా ఆయన ప్లగ్గు పెట్టి వేశాడు. ట్రాన్సిస్టరు పాడింది. బాగానే ఉందండీ, తీసుకెళ్ళండి అన్నాడు. మాస్టారు తృప్తిగా సంచి తెరిచారు. అప్పుడు తెర అవతల నుంచి పార్వతి మాట్లాడింది.

"తీసుకెళ్ళొద్దని చెప్పన్నయ్యా."

మాస్టారు ఉలిక్కిపడి తెర వైపు చూశారు. అది ఎవరి కోసమో అడగమంది పార్వతి. మాస్టారు తెరకే జవాబు చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన భార్య అంతోనమ్మకు వెన్నెముకకు క్షయ పట్టింది. జనవరిలో మద్రాసుకు అవతల ఒక మిషను ఆస్పత్రిలో చేర్చారు. మెడ కింద నుంచి తొడల దాకా పిండికట్టు వేసి వెల్లకిలా పడుకోబెట్టారు. ఎన్ని నెలలో చెప్పలేదు, ఏడాది పట్టినా పట్టవచ్చట. మాస్టారు నెలరోజులు దగ్గరుండి సెలవు అయిపోయి వచ్చేశారు. చూసుకోవడానికి ఆయాలు ఉన్నారు. తిండికీ మందుకూ లోటు లేదు. కానీ ఆ వార్డులో తెలుగు వచ్చినవాళ్ళు లేరు. ఆమెకు అరవం ఒక్క ముక్క రాదు. మొన్న రాసిన ఉత్తరంలో ఆమె ఒకటే అడిగిందట, ఈసారి వచ్చేటప్పుడు ఎక్కడైనా తెలుగు మాట వినిపించేది ఏదైనా పట్టుకురమ్మని. ట్రాన్సిస్టరులో బ్యాటరీలు పది రోజులకు అయిపోతాయి. వాటిని కొని తెచ్చి మార్చేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఇది కొన్నానన్నారు. వేసవి సెలవులు ఇవ్వగానే బయల్దేరుతారు.

పార్వతి మళ్ళీ వేయమని అన్నకు చెప్పింది. పాట వస్తోంది.

"పాట కింద ఒక గుయ్యిమనే మోత ఉంది. వినపడుతోందాండీ?"

మాస్టారు తల వంచి విన్నారు. కొంచెం ఉన్నట్టుంది, పెద్ద ఇబ్బందేమీ లేదమ్మా అన్నారు.

"మీరు ఇక్కడ అయిదు నిమిషాలు విన్నారు. ఆవిడ పొద్దస్తమానం పక్కకు తిరగకుండా వినాలి. పెట్టె మీద ఒకసారి చేయి పెట్టి చూడండి."

చేయి పెట్టి చూసి తీసేసుకున్నారు. అంతలోనే కాలుతోంది. మా ఆయనకు కోపం వచ్చింది. కొత్త సరుకు, వెనక్కి తీసుకోరు, ఆయన ప్రయాణం ముందు ఇప్పుడివన్నీ ఎందుకన్నాడు. పార్వతి వినలేదు. తానే ఒకటి చేసి ఇస్తానంది. అని, తెర పక్కకు లాగమంది. ఆ తెర గిరాకీ ఉండగా లాగడం నేను చూసినంతలో అదే మొదటిసారి. మాస్టారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. కుర్చీ పక్కన నేల మీద చక్రాల చెక్క ఉంది. ఆయన దాన్ని చూశారు, చూడనట్టు ఉన్నారు.

ఆ రోజు పార్వతి అడిగిన ప్రశ్నలు వింటుంటే నాకే ఆశ్చర్యమేసింది. ఆవిడకు ఏ చేయి బాగా అందుతుంది? మంచం ఇనుపదా చెక్కదా? పక్క మంచం ఎంత దూరం? వార్డులో రేడియో పైకి పాడనిస్తారా, లేకపోతే చెవిలో పెట్టుకుని వినాలా? వాటన్నిటికీ జవాబు చెప్పారు మాస్టారు. గోడకు ప్లగ్గు ఎలాంటిది అనేసరికి ఆగిపోయారు. నెలరోజులు ఆ గోడ పక్కనే కూర్చున్నారు, అయినా రెండు చిల్లులో మూడు చిల్లులో గుర్తు లేదు. అసలు ప్లగ్గు ఉందో, బల్బు హోల్డరు ఒక్కటే ఉందో కూడా చెప్పలేకపోయారు. ఆయన మొహం చిన్నబోయింది. మీరు గోడను చూస్తూ కూర్చోలేదుగా అంది పార్వతి. ఉత్తరం రాసి కనుక్కుందామని, ఆ ఉత్తరం తానే చెప్పి ఆయన చేత రాయించింది.

పదో రోజుకు జవాబు వచ్చింది. మాస్టారు సైకిలు మీద తెచ్చి ఇచ్చారు. కవరులో ఉత్తరంతోపాటు ఒక పలచటి కాగితం ఉంది. అంతోనమ్మ తల వెనక ఉన్న గోడను ఆమె చూడలేదు. అందుకని పక్క మంచం పిల్ల తల్లికి సైగలు చేసి, కాగితాన్ని కరెంటు బోర్డు మీద అదిమి పెట్టించి, పైన పెన్సిలుతో రుద్దించిందట. పిల్లలు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దుతారే, అలాగ. మూడు చిల్లులు, వాటి ఎడం, స్విచ్చు, బోర్డు అంచు అన్నీ తేటగా పడ్డాయి. మంచం నుంచి బోర్డుకు దూరం నాలుగు మూరలు అని అంతోనమ్మ కింద రాసింది.

పార్వతి ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. "తెలివైన మనిషి వదినా" అంది నాతో. మనుషుల్ని గురించి ఆమె అలా అనడం అరుదు.

తర్వాత పది రోజులు ఆ పెట్టె పనే. మాస్టారు కొన్న ఎలిమినేటరు విప్పి అందులో పనికొచ్చేవి ఉంచుకుంది. కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కాలుతోందని తీసేసి కొంచెం పెద్దది తెప్పించింది. మోత తగ్గడానికి పెద్ద కండెన్సరు వేసింది. పెట్టె రేకుతో చేస్తే గట్టిగా ఉంటుందని మా ఆయన అన్నాడు. ఇనుప మంచం, కదలలేని మనిషి, రేకుకు కరెంటు తగిలితే ప్రమాదం, వద్దంది. మామిడి చెక్కతో చేయించి గాలి ఆడటానికి రెండు పక్కలా చిల్లులు పెట్టించింది. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది తీగ గురించి. అందరూ చేసేదేమిటంటే పెట్టె రేడియో పక్కన ఉంటుంది, ఇంటి కరెంటు తీగ గోడ నుంచి అక్కడి దాకా వస్తుంది. పార్వతి దాన్ని తిరగేసింది. పెట్టె గోడ దగ్గరే ఉండాలి, అసలు కరెంటు అక్కడే ఆగిపోవాలి, మంచం దాకా వచ్చే సన్న తీగలో టార్చిలైటు బ్యాటరీ పాటి శక్తే ఉండాలి అంది. ఆ తీగ చివర చేతికింద పెట్టుకునే చిన్న స్విచ్చు. రేడియోకు తగిలించే కొస ఒకే వైపు పట్టేలా చేసింది. తిరగేసి పెడితే సెట్టు కాలిపోతుంది కదా, ఆయాలకు ఏం తెలుస్తుంది అంది.

మూడు చిల్లుల ప్లగ్గు కాగితానికి సరిపోయింది. అయినా ఊరుకోలేదు. రేపు మంచం మారుస్తారు, వేరే వార్డులో ఇంకో రకం ఉంటుంది అంటూ రెండు చిల్లులకు పట్టేది ఒకటి, బల్బు తీసి ఆ హోల్డరులో పెట్టేది ఒకటి, విడిగా కొసలు చేసి ఒక గుడ్డ సంచిలో వేసింది. దారిలో రైలు ఆలస్యమై ఏ సత్రంలోనో ఉండాల్సి వచ్చినా మాస్టారు పాట వినవచ్చునంది.

అంతా అయ్యాక ఇంకో అనుమానం వచ్చింది. మా వీధిలో కరెంటు ఎప్పుడూ నీరసమే. సాయంత్రం పొలాల్లో మోటార్లు వేయగానే బల్బులు ఎర్రగా అయిపోయేవి. ఇక్కడ ఆరు వోల్టులు చూపించే పెట్టె ఆస్పత్రిలో నిండు కరెంటు మీద ఎంత చూపిస్తుందో. ఊళ్ళో కరెంటు నిండుగా ఉండే చోటు ఒకటే, హనుమయ్యగారి బియ్యం మిల్లు. ఊరికి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు పక్కనే కాబట్టి అక్కడ బల్బులు ఊరికే మాడిపోతాయని ఆయన మా ఆయనతో చెబుతుండేవారు. మా ఆయన పెట్టె, వోల్టులు కొలిచే మీటరు పట్టుకెళ్ళి చూసి వస్తానన్నాడు. పార్వతి తల అడ్డంగా ఊపింది. తానే వస్తానంది.

మా అత్తగారు ఒప్పుకోలేదు. మిల్లులో పాతికమంది మగవాళ్ళ మధ్య దాన్ని ఎత్తి కూర్చోబెడతారా అన్నారు. మా ఆయన వెళ్ళి రిక్షా పిలుచుకొచ్చాడు. చెల్లెల్ని ఎత్తి రిక్షాలో కూర్చోబెట్టి పక్కన నన్ను కూర్చోమన్నాడు. రోడ్డంతా పార్వతి తల వంచుకునే ఉంది. మిల్లులో మాత్రం తవుడు దుమ్ములో, బస్తా మీద కూర్చుని, మీటరు ఒళ్ళో పెట్టుకున్నాక చుట్టూ ఎవరున్నారో మరిచిపోయింది. ముల్లు ఏడున్నర దాటింది. చూశావా అన్నయ్యా అన్నట్టు తల ఎత్తింది. హమాలీలు పని ఆపి చుట్టూ మూగారు. వాళ్ళలో ఒకాయన, తన ట్రాన్సిస్టరు ఆరు నెలలుగా మూగగా ఉందని, చూపించవచ్చునా అని ఆమెనే అడిగాడు. తీసుకురండి అంది. ఇంటికి వచ్చి పెట్టెలో ఎన్ని వోల్టులు వచ్చినా ఆరు దగ్గర ఆపే చిన్న భాగమొకటి చేర్చింది. మర్నాడు మళ్ళీ మిల్లుకు వెళ్ళి చూసుకుని వచ్చింది. ఆ తర్వాత తెర కట్టలేదు. నేనే విప్పి ఉతికి మడతపెట్టాను.

ఏప్రిల్ చివర్లో మాస్టారు పెట్టెను దూదిలో చుట్టి, సంచిలో పెట్టి, ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారు. మేలో పార్వతి పేరున ఉత్తరం వచ్చింది. ఆమె పేరున ఆ ఇంటికి వచ్చిన మొదటి ఉత్తరం అదే. పడుకుని రాసినందువల్ల అక్షరాలు పైకీ కిందికీ పోయాయి. పగలు బెజవాడ స్టేషను అందదనీ, మద్రాసు నుంచి తెలుగు వచ్చే వేళలన్నీ ఇప్పుడు తనకు కంఠతా వచ్చాయనీ, సాయంత్రం చీకటి పడ్డాక బెజవాడ సన్నగా వినపడుతుందనీ రాసింది అంతోనమ్మ. పంటల మీద పురుగు మందు ఎలా చల్లాలో చెప్పినా కళ్ళు మూసుకుని వింటున్నానంది. చివర, మీరు చేసిన పెట్టె గోడ దగ్గర ఎప్పుడూ చల్లగానే ఉంటుందని పక్కమంచం పిల్ల తల్లి చేయి పెట్టి చూసి సైగ చేస్తుంటుందని రాసింది.

పార్వతి జవాబు రాసింది. తర్వాత పదిహేను రోజులకొకటి ఉత్తరాలు నడిచాయి. మొదట్లో గారూ, మీరూ అని ఉండేవి, వానలు పడేసరికి అక్కా, చెల్లీ అయ్యాయి.

ఆగస్టులో వచ్చిన ఉత్తరం పార్వతి నాకు చదివి వినిపించలేదు. మీటరు కింద పెట్టేసింది. నాలుగు రోజుల తర్వాత నేనే తీసి చదివాను. పార్వతి కాళ్ళ సంగతి మాస్టారు ఎప్పుడో మాటల్లో చెప్పారట. అంతోనమ్మ వచ్చీరాని అరవంలో ఆ ఆస్పత్రి డాక్టరును అడిగిందట. ఇలాంటి కాళ్ళకు అక్కడ రోజూ ఆపరేషన్లు చేస్తున్నారు, నడక పూర్తిగా రాకపోయినా ఇనుప చట్రాలు కట్టుకుని నిలబడవచ్చు, మనిషిని చూడకుండా ఏమీ చెప్పలేమన్నారట. దసరా సెలవులకు మాస్టారు వస్తున్నారు, ఆయనతో రా అని ఉంది.

పార్వతిని అడిగితే వెళ్ళనంది. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే చాలాసేపటికి చెప్పింది.

"ఈ కుర్చీలో కూర్చుంటే నేను రేడియోలు బాగుచేసే మనిషిని వదినా. అక్కడ మంచం ఎక్కితే కాళ్ళు లేని మనిషినైపోతాను."

ఆమె ఆ మాటే అంతోనమ్మకు రాసింది. సెప్టెంబరులో వచ్చిన జవాబు నాలుగే వాక్యాలు. నేను ఇక్కడ తొమ్మిది నెలలుగా వెన్ను లేని మనిషిని, నీతో స్నేహం చేయడానికి అది అడ్డు రాలేదు. నువ్వు కాళ్ళ కోసం రావద్దు. మా వార్డులో నర్సమ్మల రేడియో పాడై చాలాకాలమైంది. పనిముట్లు తెచ్చుకో.

పార్వతి అది చదివి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత మా ఆయనను పిలిచి, అతుకులు వేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ ఏదైనా వెతికి పెట్టమంది.

దసరాకు మాస్టారు, పార్వతి, నేను బయల్దేరాం. బెజవాడ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. బస్సులోకీ రైల్లోకీ పార్వతిని మాస్టారూ నేనూ ఎత్తి ఎక్కించాం. మా అత్తగారు ఎవరు ముట్టుకున్నారని అడగలేదు, ఆవకాయ జాడీ ఒకటి కట్టి ఇచ్చి, ఆ అమ్మాయికి ఇవ్వండి అన్నారు. రైలు కృష్ణ మీద వంతెన దాటుతుంటే పార్వతి కిటికీ చువ్వ పట్టుకుని నీళ్ళనే చూస్తూ ఉండిపోయింది. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా ఆమె కృష్ణను చూడటం అదే మొదలు. అంత వెడల్పుంటుందని ఎవరూ చెప్పలేదేం వదినా అంది.

వార్డులోకి ఆమెను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాం. అంతోనమ్మకు అప్పటికి పిండికట్టు తీసి, వీపుకు తోలు పట్టీల చట్రం కట్టి, దిండ్లకు ఆనించి కూర్చోబెడుతున్నారు. నల్లగా, సన్నగా, పెద్ద కళ్ళతో ఉంది. ఆమె చేతులు చాచింది. పార్వతి ఆమె దాకా వెళ్ళి కూడా, ముందు మంచం తల వైపుకు కుర్చీ తిప్పించి, గోడ దగ్గరున్న పెట్టె మీద అరచేయి పెట్టి చూసింది. చల్లగా ఉన్నట్టుంది. అప్పుడు వెనక్కి తిరిగి అంతోనమ్మ చేతులు పట్టుకుంది. మాస్టారు నీళ్ళు తెస్తానని చెంబు పట్టుకుని వెళ్ళి చాలాసేపు రాలేదు.

డాక్టర్లు నాలుగు రోజులు చూశారు. కుడికాలు మోకాలి దగ్గర వంగి బిగుసుకుపోయిందని, దానికి ఆపరేషను చేస్తే సాగుతుందని, ఎడమకాలికి చట్రం చాలని చెప్పారు. ఆ నాలుగు రోజుల్లో పార్వతి నర్సుల రేడియో బాగుచేసి ఇచ్చింది. దాంతో అంతోనమ్మ పక్క మంచం ఖాళీ కాగానే అడగకుండానే ఆమెకు ఇచ్చారు. ఆపరేషను అయ్యాక తొడ దాకా పిండికట్టు వేసి కదలవద్దన్నారు.

నొప్పితో మొదటి రెండు రోజులు ఆమెకు ఏమీ తెలియలేదు. మూడో రోజు అంతోనమ్మ రేడియో ఆమె దిండు పక్కన పెట్టించి, చెవిలో పెట్టుకునేది అందించింది. పార్వతి కళ్ళు మూసుకుని విన్నది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. నేను నారింజ వలుస్తుంటే చెవిలోది తీసేసి, నెమ్మదిగా తల తిప్పి అంతోనమ్మ వైపు చూసింది.

"అక్కా, మోత ఉంది."

అంతోనమ్మ గోడ దగ్గరి పెట్టె వైపు చూసింది.

"పాట ఆగినప్పుడల్లా సన్నగా తుమ్మెద తిరిగినట్టు ఉంది. బల్ల దగ్గర నాకు వినపడలేదు. నీకు మొదటి రోజు నుంచీ వినపడుతూనే ఉండి ఉంటుంది. ఆరు నెలలు. ఒక్క ఉత్తరంలోనూ రాయలేదేం?"

అంతోనమ్మ దుప్పటి అంచు సరిచేసుకుంది.

"నువ్వు గోడ బొమ్మ అడిగి మరీ చేశావు. ఎలా రాయను? తర్వాత అలవాటైపోయింది. స్టేషను కట్టేశాక కూడా కాసేపు వేసే ఉంచేదాన్ని. మన ఊళ్ళో ఎవరో పక్కన కూర్చుని ఊ కొడుతున్నట్టు ఉండేది."

పార్వతి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ సాయంత్రం నా చేత అన్నయ్యకు ఉత్తరం రాయించింది. ఫలానా కండెన్సరు ఒకటి కొని పార్సిలు పంపు, నేను చేసింది సరిపోలేదు అని. ఆ ముక్క రాయడానికి నాకు చేయి రాలేదు. రాయి వదినా అంది. పార్సిలు వచ్చాక, మంచం మీద పడుకునే, పొట్ట మీద పళ్ళెం పెట్టుకుని పెట్టె విప్పి ఆ భాగం మార్చింది. అంతోనమ్మ టార్చిలైటు పట్టుకుంది. ఆ మోత పోయింది. మర్నాడు ఎలా ఉందక్కా అని అడిగితే, బాగుంది గానీ కాస్త ఒంటరిగా ఉంది అని అంతోనమ్మ నవ్వింది.

నేను ఇరవై రోజులుండి వచ్చేశాను. ఇంట్లో అత్తగారి దగ్గర వదిలి వెళ్ళిన నా బిడ్డకు ఏడాది కూడా నిండలేదు. నేను వచ్చాక పార్వతిని చూసుకున్నది అంతోనమ్మే. ముందు కూర్చుని, తర్వాత గోడ పట్టుకుని లేచి, జడ వేసేది, అన్నం పెట్టేది. నవంబరు ఆఖర్లో అంతోనమ్మను ఇంటికి వెళ్ళవచ్చన్నారు. పార్వతికి చట్రాలు ఇంకా తయారు కాలేదు. మూడు వారాలు ఆగి ఇద్దరం కలిసి వెళతామని డాక్టరు దగ్గర అనుమతి అడిగి అంతోనమ్మ ఉండిపోయింది. ఏడాదిగా ఇంటి ముఖం చూడని మనిషి.

క్రిస్మసుకు ముందు మాస్టారు ఇద్దరినీ తీసుకొచ్చారు. బస్సు మా ఇంటి ముందే ఆపించారు. ముందు అంతోనమ్మ దిగింది, నిటారుగా, వీపు వంచకుండా. తర్వాత చంకల్లో కర్రలతో, రెండు కాళ్ళకూ ఇనుప చట్రాలతో పార్వతి మెట్టు మీద నిలబడింది. దిగడానికి చాలాసేపు పట్టింది. డ్రైవరు ఇంజను ఆపేసి కూర్చున్నాడు. మా ఆయన ఎత్తుకోవడానికి రెండు చేతులూ చాచి వెళ్ళి, ఆమె వద్దన్నట్టు చూసేసరికి అలాగే చేతులు చాచి నిలబడిపోయాడు. ఆమె రోడ్డు మీద నిలబడ్డాక తెలిసింది, అన్న కంటే ఆమె రెండంగుళాలు పొడవు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అత్తగారు గుమ్మంలో కూలబడి ఏడ్చారు. ఏడ్చి, లేచి, మాస్టారినీ అంతోనమ్మనూ లోపలికి రమ్మని చేయి పట్టి తీసుకెళ్ళి, వంటింట్లో పీటలు వేసి పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం వడ్డించారు. విడి గ్లాసు ఆ తర్వాత గూట్లో నాకు కనపడలేదు.

నడక తేలిగ్గా రాలేదు. చట్రాలు ఒరుసుకుని పుండ్లు పడేవి, వానాకాలంలో పాత చెక్కే నయమని విసుక్కునేది. ఇంట్లో తిరగడానికి చివరి దాకా ఆ చెక్కే వాడింది. కానీ షాపులో మాత్రం వచ్చినవాళ్ళకు నిలబడి సామాను అందించేది. దూరాలు వెళ్ళేవాళ్ళు, బొకారోలో ఉద్యోగం వచ్చిన కుర్రాళ్ళు, కాశీయాత్ర పోయే పెద్దవాళ్ళు, కూతురి పురిటికి సాయం వెళ్ళే తల్లులు, ట్రాన్సిస్టరు పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎవరికీ సరుకు అమ్ముకునే మాటలు చెప్పేది కాదు. ఒక్కోసారి నాలుగు బ్యాటరీలు చాలు, ఇది మీకు బరువు అని పంపించేసేది. పెట్టె కావాలన్నవాళ్ళను మాత్రం రెండు ప్రశ్నలు అడిగేది, మీరు ఉండే ఇంటి గోడ ఎలాంటిది, రేడియో పక్కన పడుకునేది ఎవరు అని. ప్రతి పెట్టె తయారయ్యాక ఒక రాత్రి తన దిండు పక్కన పెట్టుకుని వినేది. ఆ తర్వాతే ఇచ్చేది.

డెబ్బై ఏడులో అనుకుంటాను, ఒక శనివారం అంతోనమ్మ పెనుగొలను నుంచి వచ్చింది. నెలకోసారి వచ్చేది. ఇద్దరూ బజారుకు పోయి వస్తామన్నారు. నేను వస్తానంటే వద్దన్నారు. అంతోనమ్మ వీపు వంగదు, పార్వతి మోకాళ్ళు వంగవు. పక్కపక్కన, తొందర లేకుండా, పెద్ద ఆఫీసర్లు తనిఖీకి వెళ్ళినట్టు వెళ్ళారు. గంట దాటినా రాకపోయేసరికి నేను వీధిలోకి వచ్చి చూశాను.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల రోడ్డు మధ్య ఇద్దరూ నిలబడి ఉన్నారు. సంచి తిరగబడి డజను నిమ్మకాయలు నేల మీద పడి ఉన్నాయి. తీయడానికి ఇద్దరిలో ఎవరికీ వంగే వీలు లేదు. ఒకరినొకరు చూసుకుని నవ్వుతున్నారు. పార్వతి కర్రతో ఒక కాయను అంతోనమ్మ వైపు నెట్టింది. అంతోనమ్మ దాన్ని కాలితో వెనక్కి నెట్టింది. అటు నుంచి వస్తున్న ఒంటెద్దు బండివాడు బండి ఆపుకుని చూస్తున్నాడు. నేను పరుగెత్తబోయి, మళ్ళీ ఎందుకో మా గుమ్మం దగ్గరే ఆగిపోయాను.